మంచు గుడిసె తలుపు: శ్రీమతి ఒడెట్ బ్రిసెబ్వా గారికి అభినందన

1987 మార్చి రెండవ తేదీన, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, సెయింట్ ఒమెర్ కాగితపు మిల్లు పరీక్షల గదిలో సహాయకురాలిగా అడుగుపెట్టిన శ్రీమతి ఒడెట్ బ్రిసెబ్వా గారు, ముప్పైయేడేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ వసంతాన పదవీ విరమణ చేస్తున్నారు. "ఆడవాళ్ళు ఇక్కడ ఆర్నెల్లు నిలబడితే గొప్పే" అన్నాడట ఆనాటి ఫోర్‌మన్. ఆయన రిటైరై మనవల్ని ఎత్తుకునే వేళకు కూడా ఆమె అదే గదిలో కాగితం మందం కొలుస్తూనే ఉన్నారు.

1999లో కార్మిక సంఘ కార్యదర్శిగా ఎన్నికైన నాటి నుండి ఆమె నోట వినబడినది ఒకటే మాట: "సంతకం లేని మాట నీటి మీద రాత." ఒక్కపూట సెలవైనా సరే, కాగితం మీద పెట్టించనిదే ఊరుకునేవారు కారు. అది చాదస్తమని నవ్వుకున్నవారు మనలో లేకపోలేదు.

2014 శరత్కాలంలో నాలుగవ యంత్రం ఆధునికీకరణకు రాష్ట్ర ప్రభుత్వం నాలుగు కోట్ల డాలర్ల రాయితీ ప్రకటించింది. మంత్రిగారు వచ్చారు, కెమెరాలు వచ్చాయి, ఫొటోల కోసం గట్టి పలక మీద వేయించిన నిలువెత్తు చెక్కు అట్ట వచ్చింది. "మూడు వందల పది ఉద్యోగాలకు పదేళ్ళు ఢోకా లేదు!" అని మేనేజర్ డంకన్ హార్గ్రేవ్ గారు ప్రకటించగానే, ముందు వరుసలోంచి ఒడెట్ గారు లేచి మార్కర్ అందించారు.

"ఆ ముక్కేదో దీని మీదే రాసెయ్యండి సార్, ఫొటోలో బాగుంటుంది."

ఆయన మురిసిపోతూ రాశారు, సంతకమూ చేశారు. సభ ముగిశాక అట్ట సంగతి అందరూ మరిచారు. ఒడెట్ గారు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకు కన్నం పెట్టి తాము చేపలు పట్టుకునే గుడిసెకు తలుపుగా బిగించుకున్నారు. ముందుచూపా అంటే, అదేం కాదు. పాత తలుపు గాలికి ఎగిరిపోయింది, అంతే!

ఏడాది దాటిందో లేదో, నాలుగవ యంత్రాన్ని మూసివేస్తామని యాజమాన్యం నోటీసు అంటించింది. మూడు వందల పది కుటుంబాలు వీధిన పడే ఘడియ అది. 2016 జనవరిలో సమ్మె మొదలైంది. గేటు ముందు పీపాలో మంట వేసుకుని, బఠాణీ సూపు తాగుతూ నిలబడ్డాం. సమ్మె పదిహేడవ రోజు చర్చల్లో, ప్రభుత్వ ప్రతినిధి ఎదుటే, "పదేళ్ళని మేమెప్పుడన్నాం?" అనేశారు హార్గ్రేవ్ గారు. ప్రభుత్వంతో కంపెనీ చేసుకున్న ఒప్పంద పత్రమేమో గోప్యం. ఆదివారాలు గుడిసెలో గాలం వేసుకుని కూర్చుని చూసిన అక్షరాలు ఒడెట్ గారి కళ్ళముందు మెదిలాయి.

"వైనో, పద! మా గుడిసె తలుపు ఊడదీయాలి," అన్నారు పక్కనున్న తోటి కార్మికుడు వైనో కోస్కెలాతో.

"మతి గానీ పోయిందా తల్లీ? ఇప్పుడు చేపలేంటి?"

"చేపే! పెద్దది. ఎప్పుడో గాలానికి చిక్కింది, మనమే చూసుకోలేదు."

గంటలో ఆ అట్ట, చేప పొలుసులతో సహా, అడ్డంగా తిరిగి చర్చల గది గుమ్మం దాటింది. హార్గ్రేవ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని తమ సంతకాన్ని రెండుసార్లు చూసుకున్నారు.

"ఇదేంటి, ఇంత కంపు కొడుతోంది?"

"రెండు చలికాలాలు నీళ్ళమీదే ఉంది సార్. అయినా రాత చెరగలేదు."

ప్రభుత్వ ప్రతినిధి హార్గ్రేవ్ గారివైపు తిరిగారు. "మీరే బయట రాసుకున్నారు కనక ఇక దాచేదేముంది? ఒప్పందంలోనూ ఇదే ఉంది. మూసేస్తే సొమ్మంతా వెనక్కి కట్టాలి." రెండు రోజులకు నోటీసు చిరిగింది. నాలుగవ యంత్రం నేటికీ తిరుగుతోంది.

ఆ పదేళ్ళ గడువు వచ్చే శరత్తుతో తీరుతుంది. తరువాత మాటేమిటని అడిగితే, ఆమె తమ మార్కర్‌ను కొత్త కార్యదర్శి చేతిలో పెట్టి, "ఇంకో చెక్కు రాకపోదులే. కెమెరాలుండగానే రాయించండి" అని నవ్వారు.

ఒడెట్ గారు భర్త లూసియన్ గారితో కలిసి ఆయురారోగ్యాలతో కలకాలం ఆ సరస్సు మీద గాలం వేయాలని మనందరి ఆకాంక్ష. సంతకం లేని మాటను ఆమె నమ్మరు కనుక, సమ్మె ముగిశాక తన చోటికే చేరిన ఆ తలుపు వెనుక ఈ కోరికను రాసి, మూడు వందల పది మందిమి సంతకాలు చేశాం. గడువు మాత్రం వేయలేదు.