ఇంటిపెద్దకు రాని పోటు

“నీకు రక్తపోటు ఏందే? పొద్దుగూకులు అరిచేది నేను. పోటు నీకెట్లొస్తాది?”

“నేనేమన్నా అడిగి తెచ్చుకుంటినా? డాక్టరప్ప ఇద్దరి చేతులకూ పట్టీ కట్టి చూసె. నీకు బాగుండాదనె. నాకు మించిపోయిందనె.”

ఆ ఉదయమే సర్కారు ఆసుపత్రి డాక్టరు సిరిగేరిలో ఇల్లిల్లూ తిరిగి రక్తపోటు చూసి వెళ్లాడు. ఆయన ఊళ్లోకి వెళ్లి వచ్చినప్పటినుంచి వంటింటి గడప దగ్గర భార్యాభర్తలకు ఇదే వాదన.

“ముందు నన్ను చూసినాడు కదా, మిషను వేడెక్కింటాది. అందుకే నీకు తప్పు చూపించింది.”

“రెండుసార్లు చూసినాడయ్యా. తలనొప్పి ఎప్పట్నించని కూడా అడిగె.”

“తలనొప్పా? నాతో చెప్పలేదే!”

“చెప్తే అరుస్తావని చెప్పలే.”

“అది పెద్దమనుషుల జబ్బంట. నాకే ఉండాదని ఊరంతా చెప్పేసినా. ఊరిపెద్ద గౌడప్ప పలకరించేకి వస్తానన్నాడు. ఇప్పుడేం చెప్పల్ల?”

“నీకే అని చెప్పుకోపో. మాత్రలు నేను మింగుతా.”

“మాత్రలు సరే. ఉప్పు మానల్లంట కదా, నీకు వేరే వండుకో.”

“ఇంతమందికి వండి, మళ్లా నాకోసం పొయ్యి ముందర కూచోనా? నావల్ల కాదు. ఒకే కుండ.”

“ఉప్పు లేని చారు నేను తినల్లనా?”

“ఉప్పేసుకొని తింటాంటే నీకు జబ్బుండాదని గౌడప్ప నమ్ముతాడా?”



మధ్యాహ్నం కొడుకులూ కోడళ్లూ అన్నానికి కూర్చున్నాక, ఆమె ఉప్పుగిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది.

“ఈ పొద్దునుంచి వంటలో ఉప్పుండదు. కావాల్సినోళ్లు దీంట్లోది వేసుకోండి. మీ నాయన వేసుకోడు. గౌడప్ప వస్తాండాడు.”