ఎవరూ చూడలేదని రాసిన కాయిదం

మధ్యాహ్నం మూడయింది వకీలు సారూ. పొద్దుగాల్నించి ముసురు వదల్లేదు. కాళ్లు తడిసినయి, గుమ్మంల నిలబడే చెప్త. మా కొడుకు పేటెంటు కాయిదాలున్న ఆ కవరు ఇయ్యాల పోస్టుల వెయ్యకుండ్రి.

ఇంకా వెయ్యలేదా? మంచిది.

వద్దు, కూసుంటలేను. కూసుంటే లేవలేను.

మా రవీంద్ర వాటి మీద మీ ముందటనే కదా సంతకం పెట్టిండు. కరెంటు మగ్గం, మా సాంచ మీద, నూలు పట్టుకొని అటూ ఇటూ ఉరికే నాడె దారి తప్పి ఎగిరితే మనిషికి తగలకుండ పట్టుకునే తీగల అడ్డు. సైకిలు బ్రేకు స్ప్రింగుతోని, రెండేండ్లు పాడు చేసుకుంట, బాగు చేసుకుంట చేసిండు. బయటి దేశాల్ల గిట్లాంటి చిన్న పనిముట్లకు వేరే చిన్న కాయిదం ఇస్తరని, మన దగ్గర అది లేదని, ముంబై ఆఫీసుకు పెద్ద పేటెంటే పెట్టాలని మీరే అన్నరు.

అన్నంక ఒక మాట అడిగిండ్రు. "దీన్ని ముందే నలుగురిల చూపించిండ్రా? చూపిస్తే కొత్తదని ఒప్పుకోరు" అని. వాడు లేదన్నడు. నేను పక్కనే ఉన్న. నోరు తెరవలే.

చూపించినం సారూ. నూలు పున్నమి నాడు.

మీకు తెల్వది, మేం నేతోళ్లం. కొత్త పనిముట్టు ఏదైనా మా కులదేవుడు మార్కండేయుని ముందట పెట్టి, పసుపు కుంకుమ పెట్టినంకనే సాంచకెక్కాలె. సంఘం హాలు నిండ జనం. మా ఆయన సోమలింగం ఊకుంటడా? చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూపిచ్చిండు. స్ప్రింగు ఎక్కడ పట్టాల్నో అది కూడా చెప్పిండు. "కొడుకంటే నీ కొడుకు లింగన్నా" అన్నరు అందరు. నేనూ మురిసిన. దేవుని ముందట పెట్టింది ఎవరన్న దాస్తరా?

వారం తిరగకముందే మా గల్లీ దశరథం పని చేసే షెడ్డుల సాంచలన్నిటికీ గదే అడ్డు. రవీంద్రే పోయి మొదటిది బిగించి వచ్చిండు.

అబద్ధం చెప్పినమని ఒప్పుకునేటందుకే వచ్చిననుకుంటున్నరు. అదొక్కటే అయితే నేను కండ్లు మూసుకుందును.

సంతకం అయిన తెల్లారి నల్ల కాడ నర్సవ్వ ఉన్నది. "నీ కొడుకు సైకిళ్లు విప్పుడు తప్ప ఏం చేస్తడే" అని ఎప్పుడూ ఎత్తిపొడుస్తది. "ఇగ చూడు, సర్కారు కాయిదం వస్తున్నది. మా వాణ్ణి అడగకుండ ఆ అడ్డు పెట్టుకున్నోళ్ల మీద కేసే" అన్న. గంతే. మా వాడు గట్ల అనలేదు. నేనే కలిపిన.

ఆ మాట సలాబత్‌పురాల దుకాణంల కూసున్న ఆ షెడ్డు సేఠు చెవిల పడ్డది. కేసంటే ఆయనకు భయం. నిన్న మాపటికి మనిషిని తోలి, అడ్డులన్నీ ఊడదీయించిండు.

పొద్దుగాల తొమ్మిదింటికి నాడె ఎగిరింది. దశరథం ఎడమ కంట్ల. నాడె మొన ఇనుముది కదా.

డాక్టరు ఏమన్నడో అడగకుండ్రి.

రవీంద్ర ఆస్పత్రి కాడ ఉన్నడు. "సేఠుకు ఎవలు చెప్పిండ్రో దొరకనియ్యి అమ్మా" అంటున్నడు. నేను టిఫిను డబ్బా వాని చేతిల పెట్టి వచ్చిన.

ఆ కవరు చింపుండ్రి సారూ. కాయిదం రాదని తెలిస్తేనన్న మల్ల బిగిస్తరు. వాని రెండేండ్లు పోతయి. తెలుసు.

ఆఁ? నిజమే. వాని సంతకం, వాని కాయిదం. మీరు చింపొద్దు, నేను చింపుమనొద్దు. వాడే అనాలె. అనాలంటే నేను చెప్పాలె. పొద్దుగాల్నించి ఆ మాట నోట్లనే ఉన్నది.

ఒక్కటి చెప్పి పోత. తొమ్మిది దాటినంక, షెడ్డుల ఎవరికో తగిలిందని మాట వచ్చింది, పేరు రాలే. సాంచలు ఆపి అందరినీ ఇండ్లకు పంపుతున్నరన్నరు. ఆడోళ్లందరం గల్లీ మొదట్ల వానలనే నిలబడ్డం. దశరథం పెండ్లాం భూదేవి నా పక్కనే. నా చెయ్యి పట్టుకున్నది.

పొద్దుగాల మా గల్లీ నుంచి ఆ షెడ్డుకు ఆరుగురు పోయిండ్రు. లస్మయ్య వచ్చిండు, ఒకరు. పరమేశ్వర్, ఇద్దరు. అన్నదమ్ములిద్దరు ఒక్క గొడుగు కింద వచ్చిండ్రు, నలుగురు. ముసలి మేస్త్రీ తలకాయ వంచుకొని వచ్చిండు, అయిదుగురు.

ఆమె ఇంకా దారి దిక్కే చూస్తున్నది. నేను లెక్క ఆపిన.