కుడిపక్క సీటు

బోగోలు దగ్గర సముద్రపొడ్డు పల్లె. విమానంలో రెండో పైలట్‌గా చేరి ఏడాదైన తమ్ముడు సెలవుకు అక్క ఇంటికొచ్చి, వచ్చీరాగానే అరుగు మీద నడుం వాల్చాడు.

"ఏంరా, మొహం అట్లా పీక్కపోయింది?"

"నిద్ర లేదక్కా. ఒక రాత్రి మద్రాసు, ఒక రాత్రి కలకత్తా. లేచినాక ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు తెలీదు."

"దొర ఉద్యోగమని ఊరంతా చెప్పుకున్నా గదరా!"

"దొర పక్కన కూర్చునే ఉద్యోగం. చక్రాలెత్తమంటే ఎత్తతా, దించమంటే దించతా."

"మరి నువ్వెప్పుడు దొరవయ్యేది?"

"ముందున్నోళ్లంతా కెప్టెన్లు కావాల. అప్పటికి నా జుట్టు నెరుస్తాది."

"పోనీలే. ఏ రోజు నువ్వుంటావో తెలీక, పొద్దున విమానం పోయేటప్పుడు రోజూ మిద్దెక్కి అద్దం తిప్పతా ఉండా. మెరుపు కనిపిస్తా ఉందా?"

అతను కళ్లు మూసుకున్నాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"నా సీటు కుడిపక్కక్కా. ఉత్తరానికి పోయేటప్పుడు నాకు సముద్రమే కనిపిస్తాది. ఊరు కెప్టెన్ పక్క. కింద ఎవరో అద్దం మెరిపిస్తా ఉన్నారే అంటాడాయన."

"నువ్వు తొంగి చూడకూడదా?"

"చూసినా. మెడ సాచేలోపల ఊరు దాటిపోయింది."

"తిరిగొచ్చేటప్పుడు?"

"అప్పటికి చీకటి పడతాది."

అక్క కిందికి వంగి అతని బూట్ల ముడులు విప్పసాగింది.

"లేచి ఇంత తిని పడుకో. నువ్వు డ్యూటీకి పోయినాక, అద్దం తీసుకొని మన మాల్యాద్రి చేపల పడవెక్కుతాలే. సముద్రంలో నుంచే తిప్పతా."