పట్టుబడ్డ విమానంలో పచ్చవెలుగు

(నందిగామ. లూర్దమ్మ ఇంటి వసారా. జగ్గయ్యపేట నుంచి మనవడు బెన్ని వచ్చాడు.)

"ముందు ఆ మీటరెక్కడుందో చెప్పు నానమ్మా."

"ఏ మీటరు? కూర్చో. నీ పెళ్ళాం ఎట్టా ఉంది? బిడ్డ కదుల్తోందా?"

"జెరూషా బానే ఉంది. ఏడో నెలగా. ముత్తాత తెచ్చిన మీటరు, జపాను విమానంలోది. బీరువాలో లేదు."

"మా మామ ఆశీర్వాదంగారు తెచ్చిందా! దాని కథ తెలుసా నీకు? బర్మాలో జపానోళ్ళు పారిపోతా ఆ ఫైటరు వదిలేసి పోయారంట. తెల్లోళ్ళు పట్టుకుని, రెక్కల మీద ఎర్ర సూర్యుణ్ణి చెరిపి తమ గుర్తు వేయించారంట. రంగేసింది అప్పుడు వాళ్ళ దగ్గర పనిచేసే మామే."

"తెలుసు నానమ్మా..."

"దొరికిన జపానోడి చేతే తోలించారంట, చుట్టూ తమ విమానాలు కాపలా పెట్టి. యుద్ధం అయ్యాక తుక్కు కింద కొట్టేస్తుంటే, మామ ఆ మీటరు ఊడదీసుకుని..."

"దాని ఫొటో హైదరాబాదులో పాత విమానాల గురించి తెలిసినాయనకి పంపా. చీకట్లో పైలట్‌కి కనపడాలని అంకెలకి రేడియం రాసేవాళ్ళంట."

"రేడియమేగా! సెంటర్లో బండ్లకి అంటించట్లా?"

"అవి ఉత్త స్టిక్కర్లు. ఇది విషం. లోపలికి పోతే ఎముకల్లో చేరి తినేస్తుంది."

"విషమేంట్రా! పచ్చగా వెలుగుతుంటే ప్రభువు వెలుగనుకునేవాళ్ళం. మీ నాన్న ఉయ్యాలకి వేలాడదీశా. అయినా ఎప్పుడో ఆరిపోయిందిలే."

"ఆరింది వెలుగే. విషం ఇంకా వందల ఏళ్ళుంటుందంట. నాకు భయంగా ఉంది. ఎక్కడుందది?"

"అద్దం... ఊడొచ్చింది."

"ఊడొచ్చిందా, ఊడదీశావా?"

"ఊడదీశా. అరవకు."

"అంకెల మీద పొడి?"

"గీకా."

"ఎందుకు!"

"రెండుసార్లు కడుపు పోయింది ఆ పిల్లకి. ఈసారన్నా నిలబడాలని. మొన్న మీ ఇంట్లో నెల్రోజులున్నాగా, అప్పుడు..."

"తాయెత్తులో పోశావా? జెరూషాకి కట్టావా? చెప్పు, ఇప్పుడే ఫోన్ చేసి తీసేయమంటా."

"తాయెత్తు కట్టలా."

"నిజంగా?"

"ప్రభువు తోడు. కట్టలేదు."

"హమ్మయ్య! చంపేశావు కదే నానమ్మా. జెరూషా వాళ్ళ నాన్నకి భయపడి దాచావా ఇదంతా?"

"ఆయన తిడతాడనేరా."

"సర్లే. ఆ పొడి ఎక్కడుందో చూపించు. నువ్వు ముట్టుకోకు, నేనే తీస్తా."

"లేదు. అయిపోయింది."

"అయిపోవడమేంటి?"

"పాస్టరుగారి కూతురు తాయెత్తు కట్టుకుంటదా నాన్నా? రోజూ పొద్దున్నే పాలల్లో చిటికెడు కలిపి తాగించా."