రంపానికి పసుపు కుంకుమ

అదేంటి నాయనా, అలా నవ్వుతావు? దిష్టికి నిమ్మకాయ కట్టక చింతకాయ కడతారా? అయినా ఈ రంపానికి నేను కట్టింది ఆ ఒక్కటే. ఎండుమిరపకాయల దండ మా మరిదిది. నల్లతాడు మా తోడికోడలిది. సరే, తీసెయ్. నీ కొట్టు గుమ్మానికి వేలాడే గుమ్మడికాయ ఎందుకో మాత్రం నేను అడగనులే.

రేపల్లె బండిలో వచ్చాను, వేమూరులో ఎక్కి. "ఏంటి మామ్మగారూ, సంచిలో పనసకాయా?" అని అడిగారు పక్కన కూర్చున్నవాళ్ళు. "చెట్లు కోసే రంపం బాబూ" అన్నాను. అంతే, బల్లంతా ఖాళీ! తెనాలి దాకా కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. ఈ మధ్య ఈ మిషను వల్ల మా ఇంట్లో ఎవరికైనా సుఖం దక్కిందంటే అది నా కాళ్ళకే.

నా పేరు అనసూయ. నువ్వే కదూ బసవలింగం? రంపం మిషన్లకి నీ చెయ్యి మంచిదని మా కోడలు నాగజ్యోతి అంటుంటుంది. ఇది ఆ పిల్లదే. అవును, చెట్లు కోసేది మా కోడలే. ఏం, నువ్వూ నోరు తెరిచావూ? మూసుకో నాయనా, పెట్రోలు వాసన లోపలికి పోతుంది.

ఆమధ్య తుఫానుకి మా వీధికి అడ్డంగా సుబాబుల్ చెట్టు పడిందయ్యా. మగాళ్ళందరూ చుట్టూ నిలబడ్డారు. గాలి తూర్పు నుంచి కొట్టిందా, దక్షిణం నుంచి కొట్టిందా అని ఒకటే వాదన. పడ్డ చెట్టుకి దిక్కుతో ఏం పని? నాగజ్యోతి చీర మీద మా అబ్బాయి చొక్కా తొడుక్కుని, అప్పుడే కొన్న ఈ మిషను పట్టుకుని వచ్చింది. మిషను తాడు లాగింది. ముక్కలు చేసి పక్కన దొర్లించింది. పాలబండి వెళ్ళిపోయింది. వాళ్ళింకా దిక్కు తేల్చుకుంటూనే ఉన్నారు.

అప్పట్నించీ పిలుపులే! కాలవగట్టు తుమ్మలు, నిమ్మతోటల్లో ఎండిపోయిన మోళ్ళు... చుండూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు. "చెట్లు కోసే అమ్మగారి ఇల్లు ఇదేనాండి?" అని అడిగేవాళ్ళు. ఎంత బావుండేదో ఆ మాట! మా ఇంటికి ఎప్పుడూ మగాళ్ళ పేర్లే కదా ఆనవాలు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మా మరిది హనుమాన్‌ప్రసాద్‌కి కాఫీలో పంచదార తగ్గిపోయేది.

ఆయన సంగతి చెప్పాలి నీకు. ఆయనకి తెలియని పని లేదు, చేసిన పనీ లేదు.

ఇంతలో మిషను మొరాయించింది. ఎలా అంటావా? తాడు లాగితే అంటుకుంటుంది. గురగురమంటుంది. చెట్టుకి ఆనించి గట్టిగా నొక్కేసరికి నల్లపొగ కక్కి కూలబడుతుంది. అచ్చం నేను మేడమెట్లు ఎక్కినట్టే అనుకో.

మా మరిది వచ్చి చెవి ఆనించాడు. "ప్లగ్గు" అన్నాడు. విప్పితే తడిసి నల్లగా ఉంది. కొత్తది వేశారు. అదీ నల్లబడింది. "పెట్రోల్లో నీళ్ళు కలిశాయి" అన్నాడు. పారబోసి కొత్తది పోశారు. "చైను బిగువు" అన్నాడు. వదులు చేస్తే ఊడి ఆయన కాళ్ళ దగ్గరే పడింది. అప్పుడు రెండడుగులు వెనక్కి వేసి, "దీని ముఖం దక్షిణానికి పెట్టారు, అదీ సంగతి" అన్నాడు. తిప్పి పెట్టారు. రంపానికి ముఖం ఎటుంటుందో ఆయనొక్కడికే తెలుసు నాయనా!

చివరికి ఏం తేల్చాడో తెలుసా? "ఆడచెయ్యి పడింది వదినా. ఇనుముకి సరిపడలేదు."

ఆడచెయ్యా! కత్తిపీటది ఇనుము కాదా? దాని ముందు కూర్చుని మేం తరిగిన కూరలు తినే కదా ఆ పొట్ట అంత పెరిగింది?

మా వాడు వినోద్ కుమార్ ఏమన్నాడని అడుగు. అడగక్కర్లేదులే. పెళ్ళాం వంక చూశాడు, బాబాయి వంక చూశాడు, ఆఖరికి ఫోను వంక చూశాడు.

నాగజ్యోతి ముట్టుకోకూడదని మిషనుని దేవుడి గదిలో పెట్టించాడు మా మరిది. ఇవాళ సాయంత్రం ఎవరో కొనేవాడు వస్తున్నాడట, అతనికి ఇచ్చేస్తారట. "ఇక ఇంటిపట్టున ఉండమ్మాయ్" అని చెప్పేశారు. ఆ పిల్ల అంట్లు తోముతూ, తాడు లాగి లాగి కాయలు కాసిన అరచేతులు చూసుకుంటోంది. చూడలేకపోయాను. అందుకే ఎవరికీ చెప్పకుండా ఎత్తుకొచ్చాను. తిరుగుబండికి అందాలి నేను. నువ్వు దీని నోరు తెరిపించాలి.

ఏంటి గీకి చూస్తున్నావు? ఆ మూత మీదా? పసుపే. అది... నేను పూసిందే.

నాకు చదువు ఈమధ్యే అబ్బింది నాయనా. పళ్ళు ఊడాక అక్షరాలు మొలిచాయి నాకు. నాగజ్యోతే నేర్పింది, వంటింటి డబ్బాల మీద పేర్లు రాసి. మిషను కొన్నాక దీని మీదా చీటీలు అంటించింది. ఇదిగో, పెట్రోలు. ఇది ఆయిలు. ఇక్కడ, ఈ మూత మీద, గాలి.

గాలి! ఎవరూ అందించకుండా నా అంతట నేను చదివిన మొదటి మాట అది. కంటికి కనపడనిదాన్ని కూడా రాయొచ్చా, రాస్తే నాలాంటిది కూడా చదవొచ్చా అని అలా చూస్తూ ఉండిపోయాను. గడపకి పెడతాను, పుస్తకానికి పెడతాను, ఆ మాటకి బొట్టు పెట్టకుండా ఎలా ఉంటాను? ప్రతి శుక్రవారం పసుపు రాసి, కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ వేసేదాన్ని. మొరాయించాక ఇంకాస్త దిట్టంగా పూశాను. ఆ సన్న సందుల్లో ముద్ద ఎంత చక్కగా నిలుస్తుందో! గడపకి కూడా అలా పట్టదు.

ఏం, అలా చూస్తావు? తియ్యి, తియ్యి. ఇవాళ శుక్రవారం కాదులే.

అయ్యో! అదేంటి, ఎండబెట్టిన వడియంలా ఉంది? జల్లెడా? గాలి పీల్చేది దీని గుండానా?

అంటే ఇది దాని ముక్కా నాయనా! ముక్కునిండా పసుపు కూరి, ఊపిరాడక ఆయాసపడుతుంటే పైన సాంబ్రాణి పట్టానా నేను?

దులుపు, కడుగు, నీ ఇష్టం. ఆరిందా? ఊ, లాగు.

అమ్మో! చెవులు! ఎలా అరుస్తోందో చూడు! ఆ దుంగకి ఆనించు... అరటిబోదెలో దిగినట్టు దిగిందే!

ఆపు. కాసేపు ఆపు నాయనా. నాకొకటి గుర్తొస్తోంది.

మొదటిసారి ఆగిపోయిన రోజున నాగజ్యోతి స్క్రూడ్రైవర్ పట్టుకుని సూటిగా ఈ మూత దగ్గరికే వెళ్ళింది. ఇంక దేన్నీ ముట్టుకోలేదు. నేనే చెయ్యి పట్టుకున్నాను. "పసుపు పూసినదాన్ని శుక్రవారం పూట విప్పుతావా తల్లీ?" అన్నాను. ఆ పసుపు వంక చూసింది. నా మొహం వంక చూసింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేసింది.

దానికి తెలుసు నాయనా. ఇన్నాళ్ళూ తెలుసు. నోరు విప్పితే "మా అత్తగారి చేతి పసుపే" అని చెప్పాలి. చెప్పలేక అన్ని మాటలూ పడింది. నేనేమో పక్కన కూర్చుని, పాపం పిల్ల అంటూ దాని వీపు నిమిరాను.

మా మరిది జన్మకో నిజం చెప్పాడయ్యా. ఆడచెయ్యే! కాకపోతే కోడలిది కాదు, నాది.

ఆ పసుపు బిళ్ళ పారెయ్యకు. పొట్లం కట్టివ్వు. సాయంత్రం అందరి ముందూ విప్పి, ఊపిరి మూసింది నేనేనని చెబుతాను. వాళ్ళేం చేస్తారో కూడా నాకు తెలుసు. అమ్మవారి పసుపంటూ కళ్ళకద్దుకుని తలా కాస్త బొట్టు పెట్టుకుంటారు. "చూశావా వదినా, కోడలి దోషమంతా పసుపు లాగేసింది" అంటాడు మా మరిది.

అననీ. ఆయన ఆ మాట ముగించేలోపు నాగజ్యోతి తాడు లాగుతుంది. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికి వినపడుతుంది?

ఏదీ, ఆ సంచి ఇటు పట్టు.