అయిదో బల్బు

అన్న ఎలక్ట్రీషియన్. భర్త టైలర్ షాపు తగలబడిన దగ్గర్నుంచి, అంటే ఏడు నెలలుగా, చెల్లెలు అతని ఇంట్లోనే ఉంటోంది. ఆమె బల్ల మీద పెట్టిన మాడిన బల్బు ఒక్కటి తప్ప అతను గదిలో ఉన్నవన్నీ చూస్తున్నాడు.

“అదేమిటని అడుగుతున్నాను అన్నయ్యా.”

“బల్బు. కనపడట్లా?”

“ఏ బల్బు?”

“కాలిపోయిన బల్బు. పొద్దున్నే ఏమిటిది? నాకు పనికి టైమవుతోంది.”

“హాలోజన్ బల్బు. మా టైలర్ షాపులో హాలోజన్లన్నీ పీకేసి నాలుగు ఎల్‌ఈడీలు పెట్టావు కదా. మరి ఇదెక్కడిది?”

“కాలిన షాపులో సవాలక్ష ఉంటాయి. బూడిదలో ఏరుకొచ్చి నన్నంటావేంటి?”

“నేనింకా ఏమీ అనలేదు. భుజాలు తడుముకుంటావేం?”

“ఎవరు తడుముకున్నారు?”

“దీని వైరు చూడు. లైట్లకి కరెంటు తగ్గించి ఇచ్చే ఈ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాకి కలిపే ఉంది, ఇంకా ఊడలేదు. మార్కెట్ వెనకాల రిపేరు షాపు పెద్దాయనకి చూపించాను.”

“ఆయనకా! ఫ్యాన్లు చుట్టుకునేవాడికి ఎల్‌ఈడీల గురించి ఏం తెలుసు?”

“హాలోజన్ తనంతట తాను నడుచుకుంటూ సీలింగెక్కదమ్మా అన్నాడు. ఆ మాత్రం తెలుసు.”

“అయితే ఏంటట?”

“ఈ ట్రాన్స్‌ఫార్మర్ హాలోజన్లకి చేసిందట. కనీసం యాభై వాట్లు లాగితే గానీ కుదురుగా ఉండదట. ఎల్‌ఈడీలు నాలుగూ కలిపి ఇరవయ్యే. పెళ్లికి వండే గుండిగలో గుప్పెడు బియ్యం వేసినట్టు అన్నాడు. అందుకే లైట్లు కొట్టుకుంటాయట. మావీ కొట్టుకున్నాయి, మొదటి రోజు.”

“కొత్తలో కొట్టుకుంటాయి.”

“మర్నాడు ఆగిపోయాయి. నువ్వు నిచ్చెనెక్కి అరగంట పైన ఏదో చేశాక. ఈ డబ్బా తీసేసి ఎల్‌ఈడీలకి తగ్గది, అదే డ్రైవర్, వేశావనుకున్నాం.”

“వేద్దామనే…”

“వేశావా, లేదా?”

“దొరకలేదు! స్టాకు లేదు, వారంలో వస్తుందన్నారు. బావేమో ఆ రోజే షాపు తెరవాలని నా నెత్తినెక్కి కూర్చున్నాడు.”

“అందుకని?”

“అందుకని… అందరూ చేస్తారమ్మా! లోడు చాలకపోతే పాత బల్బొకటి అదే లైనుకి కలుపుతారు. లైట్లు నిలబడతాయి. అంతే.”

“ఎక్కడ కలుపుతారు?”

“ఎక్కడో ఒకచోట.”

“చెయ్యి పెడితే బొబ్బలెక్కే బల్బుని, ఎవరికీ కనపడకుండా, సీలింగు లోపల, ఎండ దిగకుండా పరిచిన స్పాంజి షీట్ల మీద.”

“వారంలో తీసేద్దామనుకున్నాను.”

“ఎన్ని వారాలయ్యాక కాలింది?”

“మర్చిపోయాను! నేనూ మనిషినే కదా!”

“మీ బావ మర్చిపోతే మనిషి కాలేదే? ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చాడని నేను ఎన్నెన్ని మాటలన్నాను! చేతకానివాడన్నాను. కొంప ముంచావన్నాను. నీ ఎదురుగానే కదా? ‘ఆపానే, నా చేత్తో ఆపాను’ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.”

“ఫైర్ వాళ్లే ఇస్త్రీపెట్టె అని రాశారు. నేను రాశానా?”

“వాళ్లు రాశారు. నువ్వేమన్నావు? భుజం మీద చెయ్యేసి మరీ?”

“ఇప్పుడెందుకవన్నీ.”

“‘ఒప్పుకో బావా, ఒప్పుకుంటే పోయేదేముంది’ అన్నావు.”

“నాకప్పటికి ఖాయంగా తెలీదు.”

“అనుమానమైనా లేదా?”

“నువ్వు ఊరికే…”

“లేదా అన్నయ్యా?”

“ఉంది. ఉంది! అయితే ఏం చెయ్యమంటావు? లైసెన్సు పోతే ఇద్దరు పిల్లల్తో నేనెక్కడికి పోను? నిన్ను కళ్లల్లో పెట్టుకుని చూసుకోవట్లేదా? ఇన్ని నెలల్లో మీ వదిన ఒక్క మాటన్నా అందా?”

“అనలేదు. వదినకి పాపం ఏం తెలుసు.”

“మరింకేం!”

“ఆయన నన్ను తీసుకెళ్లడానికి మూడుసార్లొచ్చాడు. మూడుసార్లూ ఈ గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాను. ‘దాని కోపం తగ్గాక రా బావా’ అని సాగనంపింది నువ్వే.”

“తప్పయిపోయింది. చాలా? కాళ్లు పట్టుకోమంటావా? కానీ ఇన్నాళ్లయ్యాక ఆ బూడిదంతా ఎందుకు కెలికావే?”

“కెలకలేదు. బూడిదలో దొరికిందని నేను చెప్పానా?”

“మరి?”

“వేరే ఊళ్లో పని కుదిరిందట. మా ఇంట్లో ఉన్న కుట్టుసామాను పెట్టె పంపమని కబురు చేశాడు. ఒక్క పెట్టే. నన్ను రమ్మనలేదు. కత్తెర్లు సర్దుదామని తీస్తే, అడుగున గుడ్డలో చుట్టి ఉంది.”

“బావ పెట్టెలోనా?”

“ఆయన పెట్టెలోనే.”

“అంటే బావకి…”

“షాపు కాలిన రెండో రోజే తెలుసు. నిన్న ఫోన్ చేసి అడిగాను.”

“తెలిసీ నోరు మూసుకున్నాడా? మనిద్దరం అన్నేసి మాటలంటుంటే, తీసి నా మొహాన కొట్టొచ్చుగా!”

“నేనూ అదే అడిగాను.”

“ఏమన్నాడు?”

“‘నా మీద కోపమొస్తే వెళ్లడానికి నీకు పుట్టిల్లంటూ ఒకటి ఉండాలిగా’ అన్నాడు.”