బైండరు చదవకూడదట

అదేనమ్మా నేననేది! కొండ మీద కట్టినంత మాత్రాన గొప్ప యూనివర్సిటీ అయిపోతుందా? మేకలు కూడా కొండ మీదే తిరుగుతాయి.

కూర్చోండి, కూర్చోండి. ఆ స్టూలు వద్దు, జిగురంటుకుంది. ఈ కుర్చీ లాక్కోండి. అమ్మాయి రిపోర్టు బైండింగుకి ఇద్దామని మేడ దిగి వచ్చారు, పనిలో పనిగా సలహా అడిగారు. పీహెచ్‌డీకి రెండు చోట్ల సీటొచ్చింది, ఈ ఊళ్ళో చేర్చాలా, ఆ కొండ ఊళ్ళోనా అని. వీధిలో ఎవరో చెప్పుంటారు, కింద షాపాయన మూడు ఊళ్ళ యూనివర్సిటీ గేట్ల ముందు బైండింగు చేశాడని. చేశాను. ముప్పయ్యేళ్ళు చేశాను. లోపల ఏముందో వీసీకి తెలియదు కానీ నాకు తెలుసు.

ముందు ఈ ఊరి సంగతే చెప్తా, మళ్ళీ పక్షపాతం అంటారు. ఆ గడియారం స్తంభం చూశారు కదా? నేనొచ్చినప్పట్నుంచీ పదీ ఇరవై దగ్గరే ఉంది. ప్రొఫెసర్లకి అదే హాయి, ఎప్పుడొచ్చినా టైముకొచ్చినట్టే. లైబ్రరీలో పుస్తకాలన్నీ బీరువాల్లో, తాళాలన్నీ ఒకాయన జేబులో, ఆయనేమో సెలవులో. ఇక మన వీధి మీకు నేను చెప్పాలా? మీ ఇంటి ఓనరు డాబా మీద రేకులు వేసి, ఒక్కో గదిలో ఆరుగురిని కుక్కి, పైన ‘పరిశోధక నిలయం’ అని బోర్డు పెట్టాడు. అందరికీ కలిపి ఒక కుళాయి. పొద్దున్నే ఆ కుళాయి దగ్గర జరిగేదాన్ని మించిన పరిశోధన ఈ ఊళ్ళో ఇంకోటి లేదు!

మధ్యలో ఐదేళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్నాలెండి. స్కేలు పెట్టి గీసి కట్టిన ఊరు. వీధులకి నంబర్లు, ఇళ్ళకి నంబర్లు. పక్కింటాయన పేరు ఐదేళ్ళలో తెలియలేదు, నంబరు మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అబ్బో, ఏం రోడ్లు! నిండా ఎండ, మనిషుండడు. టీ తాగాలంటే పొద్దున్నే బయల్దేరాలి. యూనివర్సిటీ మొత్తం అద్దాలు. ఒక్క కిటికీ తెరుచుకోదు. కరెంటు పోతే శాస్త్రవేత్తలంతా అట్టముక్కలతో విసురుకుంటూ మెట్ల మీద కూర్చునేవాళ్ళు. అట్టముక్కలు ఎక్కడివనుకున్నారు? నా షాపువే.

నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మీరు అడగాలనుకున్నది ఈ రెండు ఊళ్ళ గురించి కాదు కదా.

ఆ కొండ ఊళ్ళో ఏడేళ్ళు ఉన్నా నేను. పైన ప్రొఫెసర్ల పేట, కింద మా పేట. పైపేటలో ప్రతి గేటుకీ బోర్డు, ప్రతి బోర్డుకీ ముందు ‘డాక్టర్’. ఒకరింట్లో కుక్క పిల్లల్ని పెట్టిందంటే వాటిక్కూడా పట్టా వచ్చే ఉంటుందని మేం అనుకునేవాళ్ళం. ఇల్లు అద్దెకి అడిగితే ఏ శాఖ అని అడిగేవాళ్ళు. బైండింగు శాఖండీ అని చెప్తే తలుపు మొహాన వేసేవాళ్ళు. మేమేమో కింద, వాన పడితే పైపేట నీళ్ళన్నీ మా గుమ్మాల్లోకే. టైపిస్టులు, జిరాక్సువాళ్ళు, బైండర్లు, వరసగా ఇరవై కొట్లు. పైవాళ్ళ పాండిత్యమంతా మా కిందవాళ్ళ చేతుల మీదుగానే పోయేది, ఒక్కడూ థాంక్సన్న పాపాన పోలేదు. కృతజ్ఞతల పేజీలో గైడు గారి అత్తగారికి కూడా నమస్కారం పెడతారమ్మా! బైండరుకి మాత్రం పెట్టరు.

అవును, ఇప్పుడు చదువుతాను. ప్రతి కాగితం చదివే కుడతా. అప్పుడు చదివేవాణ్ణి కాదు. మా ముసలాయన, అంటే ఆ షాపు ఓనరు, చేరిన రోజే చెప్పాడు. ‘ఒరేయ్, బైండరు చదవకూడదు. అంకెలు చూడాలి, అంచులు చూడాలి. చదివావంటే చెయ్యి ఆగుద్ది’ అని. గొప్ప నీతి! ఆయన బతికుంటే ఇప్పుడు అడిగేవాణ్ణి.

ఏదీ, కొండ ఊరి నుంచి వచ్చిన ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి, కళ్ళజోడు పెట్టుకోనీండి. ఊఁ... ‘మీ అమ్మాయి ప్రతిభ’... ‘స్వయంగా నేనే గైడుగా’... ఇదేంటిది? ‘ఇంటింటికీ తిరిగి సర్వే చేయడం ఎలాగో దగ్గరుండి నేర్పిస్తాను.’

ఇంటింటికీ తిరగడం! ఈ సంతకం పెట్టినావిడ! నేర్పిస్తుంది!

క్షమించండమ్మా, నోరు జారింది. కాదు, జారలేదు. ఛీ, ఈ మనుషులకి సిగ్గన్నది ఏ కొట్లోనూ దొరకదా?

ఒక సంగతి చెప్తా, వినండి. నాకప్పుడు పాతికేళ్ళు, పనిలో చేరి మూడు నెలలైంది. థీసిస్‌లు ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే గైడు, ఒకే హాస్టలు గది, ఇద్దరమ్మాయిలు. ఇద్దరిదీ మిల్లు కూలీల పేట గురించే. ఒకామె అక్కడి ఇళ్ళ మీద రాసింది, ఇంకొకామె అక్కడి ఆడవాళ్ళ పనుల మీద. ఇద్దరికీ మూడో అధ్యాయం సర్వే. టైపు చేసింది ఒకడే, కాగితం ఒకటే. ఆ మహానుభావుడు ప్రతి అధ్యాయానికీ అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవాడు. అయిదు కాపీలూ కలిపి అధ్యాయానికో కట్ట కట్టి, పైన పేరు రాసిన చీటీ పెట్టి పంపేవాడు.

ఫ్యాను గాలికి రెండు చీటీలు ఎగిరాయి. రెండూ మూడో అధ్యాయాల మీదివే.

పైకాగితం ఎత్తి నాలుగు లైన్లు చదివితే తెలిసిపోయేది. ఎవరి కట్ట ఎవరిదో పసిపిల్లాడు కూడా చెప్పేవాడు. కానీ బైండరు చదవకూడదు కదా! అవతల ముసలాయన తొందరపెడుతున్నాడు. ఇది దీనిదే అయ్యుంటుందిలే అని చీటీలు పెట్టేశా. కుట్టేశా. సాయంత్రానికి మా షాపు నుంచే సరాసరి ఆఫీసుకి వెళ్ళిపోయాయి.

ఇద్దరిలో ఒకామె నిజంగా ఆ పేటలో తిరిగింది. రెండేళ్ళు, గుమ్మం గుమ్మానికీ. ఇంకొకామె హాస్టల్లో ఫ్యాను కింద కూర్చుని లెక్కలు పుట్టించింది. నలభై ఇళ్ళున్న వీధిలో అరవై ఇళ్ళు తిరిగానని రాసింది. గైడు ఇద్దరివీ చదవకుండానే సంతకం పెట్టాడు, ఆయనకి తీరిక ఎక్కడిది! దూరపు ఊరి పరీక్షాధికారి ఒకడు మాత్రం చదివాడు, అదీ సర్వే అధ్యాయాలే. ఒకామె సర్వే అద్భుతమన్నాడు, డాక్టరేటు ఇచ్చేయమన్నాడు. ఇంకొకామెది దొంగ సర్వే అన్నాడు, తిప్పి పంపమన్నాడు. తారుమారైంది కదమ్మా! తిరిగినామె దొంగైంది. ఫ్యాను కింద కూర్చున్నామె ఇవాళ డిపార్ట్‌మెంటు హెడ్డు. మీ అమ్మాయికి ఉత్తరం రాసింది.

ఆ దొంగన్న ఆమె లబోదిబోమని తిరిగింది. ఆ అధ్యాయం నాదని చెప్పుకుంది. స్నేహితురాలేమో కాదు, నాదే అంది. రాతప్రతులు టైపిస్టు ఎప్పుడో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. చివరికి ఆ గైడు గారు తీర్పిచ్చాడు, బైండరు ఏం చెప్తే అదే అని. నలుగురు ప్రొఫెసర్లు, ఒక డీను, ఇంత యూనివర్సిటీ! రెండు అధ్యాయాలు చదివి ఎవరిది ఏదో తేల్చలేక బైండరుని అడగమన్నారు. థూ.

ఆమె షాపుకొచ్చింది. కౌంటరు దగ్గర ముసలాయన. వెనక గదికి తెర, తెర వెనక పనివాడు. ‘ఒక్కసారి ఆలోచించి చెప్పండి’ అంది. ముసలాయన కూర్చున్న చోటి నుంచే కేకేశాడు, ‘ఒరేయ్, కట్టలేమైనా కలిశాయా?’ అని.

‘లేదండీ, ఇచ్చినవి ఇచ్చినట్టే కుట్టాను.’

అంతే. ఒక్క మాట. ఆమె వెళ్ళిపోయింది. రెండు రోజులకి ఆ స్నేహితురాలు కూడా వచ్చింది. తన కాపీ తెరిచి, నిలబడే మూడో అధ్యాయం నాలుగు పేజీలు తిరగేసింది. మూసింది. ‘బైండింగు బాగుంది’ అని వెళ్ళిపోయింది. ఆమెకి తెలుసమ్మా. అప్పుడే తెలుసు.

ఎందుకలా చూస్తున్నారు? నీళ్ళు తాగుతారా?

నాకప్పుడు మీ మొహం కనపడలేదు. తెర కింద నుంచి కాళ్ళు మాత్రం కనిపించాయి. ఎడమ చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకున్నారు. మడమలు పగిలి ఉన్నాయి. ఎవరు తిరిగారో, ఎవరు కూర్చున్నారో ఆ కాళ్ళు చూస్తే నాకు ఇట్టే తెలిసింది. తెలిసే అన్నా, లేదండీ అని.

రెండు నెలల క్రితం మీరు మేడ మీదికి సామాను ఎక్కించుకుంటూ, కుళాయి ఎన్నింటికొస్తుందని పైనుంచి అడిగారు చూడండి, అప్పుడే పోల్చుకున్నా. గొంతు మర్చిపోతానా? ఇంత ఊళ్ళో నా షాపు మీదే మీకు ఇల్లు దొరకాలా! ఇవాళ వచ్చి అవే మాటలన్నారు. ఒక్కసారి ఆలోచించి చెప్పండి అన్నారు. అందుకే ఇందాకట్నుంచీ గడియారాలూ మేకలూ అంటూ వాగుతున్నా. మూడు ఊళ్ళని తిట్టా కదా, తిట్టాల్సినవాణ్ణి వదిలేసి.

ఎందుకన్నావని అడుగుతున్నారా? పెద్ద కారణమేం లేదమ్మా. పని పోతుందని భయం. పది కాపీలు విప్పి మళ్ళీ కుట్టమంటాడేమోనని భయం. అంతే. ఇంత చిన్నదానికా అనుకుంటున్నారు కదా? నేనూ అలాగే అనుకుంటూ ఉంటా. ఎవరైనా డబ్బిచ్చారనో, బెదిరించారనో చెప్పుకోవడానికైనా లేదు.

ఆ ఊరు కొండ వల్ల వదిలేశానని అందరికీ చెప్తా. మోకాళ్ళ నొప్పులని చెప్తా. మోకాళ్ళకేం రోగం, రాయిలా ఉన్నాయి.

అమ్మాయికి చెప్పలేదు మీరు, అవునా? అమ్మ చదువు మధ్యలో మానేసింది, అంతే తెలుసు ఆ పిల్లకి. సాక్ష్యం లేని మాట కూతురికి కూడా చెప్పుకోలేరు కదా. ఆ పిల్లేమో ఉత్తరం చూసి గంతులేస్తోంది, ఆవిడ దగ్గరికే వెళ్తానని.

అయ్యో, రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నారా? తీసుకోండి. న్యాయమే. ఎదురు కొట్టువాడు మెషినుతో కుడతాడు, మీ ఎదురుగానే కుడతాడు. నేను మాత్రం చూశారా, ఈ షాపుకి తెర కట్టలేదు. ఎండ పడినా కట్టలేదు.

ఎవరో మెట్లు దిగుతున్నారు. అమ్మాయేనా? అడగండమ్మా, ఆ పిల్ల ముందే అడగండి. కట్టలు కలిశాయా అని గట్టిగా అడగండి.

అడగరా? ఇన్నేళ్ళలో ఇంకోసారి ఎవరూ అడగలేదు నన్ను, మీరూ అడగరా?

సరేలెండి. రా తల్లీ, లోపలికి రా. కొండ ఊరి యూనివర్సిటీ ఎలాంటిదని మీ అమ్మ అడుగుతోంది. చెప్తున్నా విను. అక్కడి లైబ్రరీలో మీ మేడం థీసిస్ ఉంటుంది. అందులో మూడో అధ్యాయం మీ అమ్మది. కుట్టింది నేను.